గాలాపాగోస్‌లో లెక్క తప్పుతున్నది ఓడల దగ్గర కాదు

ఈక్వెడార్ తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల పడమర, పసిఫిక్ మధ్యలో లావా పేరుకుని పైకి లేచిన దీవుల గుంపు గాలాపాగోస్. పదహారు మంది ప్రయాణికులున్న చిన్న ఓడలో వారం రోజులు అక్కడ తిరగాలంటే, మామూలుగా ఒక్కొక్కరికి వేల డాలర్లు అవుతుంది. అందుకే ఈ క్రూయిజ్‌ల మాట వస్తే రెండు రకాల విమర్శలు వినిపిస్తాయి. డబ్బున్నవాళ్ల షోకు అనేది ఒకటి, ప్రకృతిని చూడ్డానికి వెళ్లి దాన్నే పాడుచేస్తున్నారనేది రెండోది. మొదటిది చాలావరకు నిజం. రెండోది మాత్రం తప్పు మనిషిని పట్టుకుని నిలదీయడమే.

ఓడలో రోజు ఎలా గడుస్తుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. ప్రయాణమంతా దాదాపు రాత్రిపూటే. తెల్లారేసరికి ఓడ ఒక దీవి దగ్గర లంగరు వేస్తుంది. అక్కడివాళ్లు ‘పంగా’ అనే చిన్న పడవలో ఒడ్డుకు తీసుకెళ్తారు. కొన్నిచోట్ల రాతి మెట్ల మీద దిగొచ్చు, కొన్నిచోట్ల మోకాళ్ల లోతు నీళ్లలో దిగి నడవాలి. పదహారు మందికి ఒక గైడ్ తప్పనిసరి. అతనికి నేషనల్ పార్క్ లైసెన్స్ ఉండాలి. గుర్తులు పెట్టిన దారి దాటకూడదు, జంతువుకు రెండు మీటర్ల దూరం పాటించాలి, తిండి ఒడ్డుకు తేకూడదు, చీకటి పడేలోగా ఓడెక్కాలి. ఏ ఓడలోనూ వంద మంది ప్రయాణికులకు మించి ఉండకూడదు. 2012 నుంచి ఇంకో నిబంధన వచ్చింది. ఒకసారి వెళ్లిన చోటికి అదే ఓడ పద్నాలుగు రోజుల దాకా మళ్లీ రాకూడదు. ఏ రోజు, ఏ పూట, ఏ ఓడ ఎక్కడుండాలో పార్కు వాళ్లే రాసిస్తారు.

రెండు మీటర్ల నిబంధనను ఎక్కువగా మీరేది సీ లయన్ పిల్లలేనని గైడ్లు నవ్వుతూ చెబుతుంటారు. మనుషులంటే వాటికి బెరుకు లేదు. నేల మీద వేటాడే పెద్ద క్షీరదాలు అక్కడ లేకపోవడంతో, అడుగుల చప్పుడు వింటే పారిపోవాలన్న అలవాటే వాటికి రాలేదు. నీలి కాళ్ల బూబీ అనే సముద్ర పక్షి జనం నడిచే దారి పక్కనే గుడ్లు పొదుగుతుంది. ఫెర్నాండినా దీవిలో సముద్ర ఇగ్వానాలు అనే పెద్ద బల్లులు లావా రాళ్ల మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎండ కాచుకుంటాయి. ఎగరలేని నీటికాకి మొండి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. ఈ దీవికి బయటి నుంచి ఎలుక గానీ పిల్లి గానీ చేరలేదు. ఊళ్ల నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే పడవలకు అందని దూరంలో ఉండటంతో ఇక్కడికి రాత్రి పడక ఉన్న ఓడలే వస్తాయి. అంటే గాలాపాగోస్‌లో అన్నిటికన్నా చెడని చోటు ఓడ ప్రయాణికులు మాత్రమే అడుగుపెట్టే చోటు కూడా.

అలాగని ఓడలకు మచ్చ లేదని కాదు. 2001 జనవరిలో జెస్సికా అనే ఇంధన ఓడ శాన్ క్రిస్టోబల్ దీవి దగ్గర నేలకు తట్టుకుని చమురు ఒలికింది. అది తెస్తున్న ఇంధనంలో కొంత ఒక టూరిస్టు ఓడ కోసమే. పైకి చూస్తే పెద్ద నష్టం జరగలేదనుకున్నారు. కానీ ఆ తర్వాత ఏడాదిలోపే శాంటా ఫే దీవిలో సముద్ర ఇగ్వానాలు సగానికి పైగా చచ్చిపోయాయి. రాత్రిళ్లు ఓడల లైట్లకు చేరిన పురుగులు ఒక దీవి నుంచి ఇంకో దీవికి ప్రయాణం చేస్తాయన్నదీ తేలిన సంగతే. కానీ ఓడల లైసెన్సులు, పడకలు ఏళ్ల తరబడి పరిమితిలోనే ఉన్నాయి. పెరిగింది ఒడ్డున.

1980 ప్రాంతంలో ఏడాదికి ఇరవై వేల మంది కూడా రాని దీవులకు 2023లో మూడు లక్షలు దాటి వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఓడల్లో ఉండరు. శాంటా క్రూజ్ దీవిలోని ప్వెర్తో అయోరా లాంటి ఊళ్లలో హోటళ్లలో దిగి, పగటి పడవల్లో తిరిగి వస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు, వాళ్ల ఖర్చు తక్కువ, పైగా ఆ డబ్బు స్థానికుల చేతికి నేరుగా అందుతుంది. చిక్కల్లా వాళ్ల వెనక వచ్చే సరంజామాతో. మంచాల నుంచి సిమెంటు దాకా, కూరగాయల్లో చాలావరకు కూడా, ప్రధాన భూభాగంలోని గ్వయాకిల్ రేవు నుంచి సరుకు ఓడల్లో రావాల్సిందే. శాంటా క్రూజ్‌లో మంచినీళ్లకే కటకట. 1950ల మొదట్లో రెండు వేల మంది కూడా లేని దీవుల్లో ఇప్పుడు ఇరవై ఎనిమిది వేలకు పైగా జనం ఉన్నారు. బయటి నుంచి వచ్చిపడ్డ ఫిలోర్నిస్ అనే ఈగ ఫించ్ పిట్టల గూళ్లలో గుడ్లు పెడుతుంది, దాని పురుగులు పిల్లల రక్తం పీల్చి చంపుతాయి. విమానంలో పురుగుమందు కొట్టినా, సంచులు స్కాన్ చేసినా, వచ్చే సరుకు పెరిగేకొద్దీ ఏదో ఒకటి తప్పించుకునే వీలూ పెరుగుతుంది.

వచ్చినదాన్ని వదిలించుకోవడానికి ఎంత ఖర్చవుతుందో మేకల కథ చెబుతుంది. పాత కాలం ఓడలవాళ్లు, వలస వచ్చినవాళ్లు వదిలిన మేకలు తాబేళ్ల మేతంతా తినేస్తుంటే, 2006 వరకు సాగిన ప్రాజెక్ట్ ఇసబెలా అనే కార్యక్రమంలో హెలికాప్టర్ల నుంచీ నేల మీద నుంచీ కాల్చి లక్షన్నరకు పైగా మేకలను చంపారు. రేడియో కాలర్ తగిలించిన మేకను వదిలితే అది వెళ్లి మందను కలుసుకునేది, వేటగాళ్లు దాని వెంట పడేవాళ్లు. మన అండమాన్‌లోని అగ్నిపర్వత దీవి బ్యారెన్ మీద కూడా ఎప్పుడో వదిలిన మేకలున్నాయి. అక్కడ మామూలుగా టూరిస్టులను దిగనివ్వరు, పడవలోంచే చూసి రావాలి. ఆ కట్టడి సడలించమని అడిగేవాళ్లు ముందు ఇసబెలా ఖర్చు లెక్క చూడటం మంచిది.

ఈక్వెడార్ ఎంచుకున్న మందు ధర. 2024 ఆగస్టు 1 నుంచి చాలామంది విదేశీయులకు ప్రవేశ రుసుము వంద డాలర్ల నుంచి రెండు వందలైంది. 1998 తర్వాత ఇదే మొదటి పెంపు, కాబట్టి ఎక్కువేమీ కాదు. కానీ ఇది ఎవరికి తగులుతుంది? ఐదు వేల డాలర్ల క్రూయిజ్ కొన్నవాళ్లకు ఆ వంద పెద్ద లెక్కలోకి రాదు. బ్యాక్‌ప్యాక్ వేసుకుని చిన్న హోటల్లో దిగే కుర్రాడికి తగులుతుంది, ఆ హోటల్ నడుపుకునే కుటుంబానికి ఇంకా గట్టిగా తగులుతుంది. రుసుముతో పార్కుకు డబ్బు వస్తుంది, అది అవసరమే. జనాన్ని ఆపే పనికి మాత్రం అది సరైన పనిముట్టు కాదు. ఏటా ఇంతమందే అన్న పరిమితి లేకుండా ధర మాత్రమే పెంచుకుంటూ పోతే, చివరికి దీవులు ఖాళీ అవ్వవు, డబ్బున్నవాళ్లతో నిండుతాయి.

ఆ పరిమితి పెట్టడం చేతకాని పనేమీ కాదు. ప్రధాన భూభాగం నుంచి విమానాలు దిగేది రెండే చోట్ల, బాల్ట్రాలో, శాన్ క్రిస్టోబల్‌లో. సీట్లు లెక్కపెడితే జనాన్ని లెక్కపెట్టినట్టే. సొంత దేశం వాళ్లనే అక్కడ స్థిరపడకుండా 1998 నాటి ప్రత్యేక చట్టంతో కట్టడి చేసిన ప్రభుత్వం, టూరిస్టుల విషయంలో మాత్రం ఆ పని చేయలేకపోతోంది. విమాన సంస్థలు, హోటళ్లు, ఊరి వ్యాపారులు అందరూ అడ్డం తిరుగుతారు కనుక. వాళ్లను ఒప్పించాలంటే కోటాలో సగం పైచిలుకు ఒడ్డున దిగేవాళ్లకే కేటాయించి, ఓడల్లో తిరిగే ప్రయాణికుల దగ్గర రుసుము ఇప్పటికన్నా చాలా ఎక్కువ వసూలు చేయాలని నా అభిప్రాయం. ఫెర్నాండినా చూసే అవకాశం దాదాపుగా వాళ్లకొక్కరికే దక్కుతోంది. దానికి వాళ్లు ఇప్పుడు కడుతున్నది హోటల్లో దిగిన కుర్రాడు కట్టేదే, అవే రెండు వందల డాలర్లు.