ఓడినా మళ్లీ టికెట్

(రాజమండ్రి, గోదావరి గట్టు. మావయ్యకి రేషన్ డిపో ఉంది, వార్డులో పార్టీ పనీ ఉంది. మేనకోడలు కాలేజీలో పాఠాలు చెబుతుంది. మాట ఆదిరెడ్డి భవాని గారి మీదకి మళ్లింది.)

మేనకోడలు: ఎర్రన్నాయుడు గారి కూతురు, మన ఊరి ఆదిరెడ్డి అప్పారావు గారి కోడలు. 2019లో సిటీ ఎమ్మెల్యే అయ్యారు. 2024 వచ్చేసరికి టికెట్ భర్త శ్రీనివాస్ గారికి. పుట్టిల్లు, మెట్టిల్లు, మధ్యలో మన నియోజకవర్గం.

మావయ్య: 2019 మర్చిపోయావా? 175లో తెలుగుదేశానికి దక్కినవి 23. అంత ఎదురుగాలిలో ఆవిడ 30 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఇంటిపేరు చూసే ఓట్లు పడితే అదే ఏడు మంగళగిరిలో లోకేశ్ ఎందుకు ఓడిపోయారు?

మేనకోడలు: నిజమే, ఆవిడ గెలుపు చిన్నదేం కాదు. లోకేశ్ గారి పేరు మీరే ఎత్తారు కాబట్టి అక్కడికే వద్దాం. ఓడిపోయారు, 2024లో అదే మంగళగిరిలో మళ్లీ నిలబడి గెలిచారు. అమలాపురంలో లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారబ్బాయి హరీశ్ మాథుర్ 2019లో ఓడిపోయి, 2024లో ఎంపీ అయ్యారు. గెలుపు జనం ఇచ్చిందే, దాని జోలికి నేను పోను. ఓడిన ఐదేళ్లకి మళ్లీ బీఫాం, అంటే పార్టీ టికెట్ కాగితం, చేతికి రావడం ఉంది చూశారూ, వారసత్వమంటే అదీ. మీరు ఇన్నేళ్లు జెండా మోశారు. కార్పొరేటర్‌గా ఒక్కసారి ఓడారు. ఆ తర్వాత మిమ్మల్ని పిలిచి, ఈసారి నిలబడతావా అని అడిగిన నాయకుడు ఒక్కడున్నాడా?

మావయ్య: నా గోల ఎందుకులే. బాలయోగి గారు 1996లో ఎంపీగా ఓడిపోయారు. ఆ వెంటనే ముమ్మిడివరం ఉప ఎన్నికలో నిలబెట్టి, గెలిచాక మంత్రిని చేసింది పార్టీ. ఆయన వెనక ఏ తాత ఉన్నాడు?

మేనకోడలు: ...ఎవరూ లేరు. కానీ అప్పటికే ఆయన 1987లో జడ్పీ చైర్మన్, 1991లో ఎంపీ. పని చూసి ఇచ్చారు. హరీశ్ గారికి మొదటి టికెట్టే పార్లమెంటుది.

మావయ్య: ఆదిరెడ్డి వాళ్లూ కింద నుంచి వచ్చినవాళ్లేనమ్మా. శ్రీనివాస్ గారి అమ్మ వీరరాఘవమ్మ గారు ఈ ఊరికి మేయర్‌గా చేశారు. అప్పారావు గారు ఎమ్మెల్సీగా చేశారు.

మేనకోడలు: అమ్మ మేయర్, నాన్న ఎమ్మెల్సీ, భార్య ఎమ్మెల్యే, ఇప్పుడు శ్రీనివాస్ గారు. మెట్లు ఎక్కలేదని నేనన్నానా? మెట్లన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయంటున్నాను.

మావయ్య: మా నాన్న పోయాక డిపో నాకే వచ్చింది. అదీ తప్పేనా?

మేనకోడలు: డిపోలో తూకం తేడా వస్తే కార్డు పట్టుకుని ఇంకో డిపోకి పోవచ్చు. ఎమ్మెల్యే నచ్చకపోతే ఐదేళ్లు ఎక్కడికి పోతాం?

మావయ్య: తూకం తేడా అని ఎవరన్నారు?

మేనకోడలు: మీ డిపో కాదండీ, మాటవరసకి...

మావయ్య: మాటవరసకి రాదు ఆ మాట. మీ వీధిలో ఎవరో అనుంటారు. ముందు వాళ్ల పేరు చెప్పు.