పార్లమెంటులో బతికి, కోర్టులో చనిపోయి

ఏటా డిసెంబర్ 16 వస్తే 1971 యుద్ధంలో ఢాకాలో 93 వేల మంది పాక్ బందీలు మన చేతికి చిక్కిన సంగతి దేశమంతా గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోవలసిందే. 1974 నాటికి వాళ్లందరినీ భద్రంగా ఇళ్లకు పంపిన దేశం మనది. కానీ అదే యుద్ధంలో పట్టుబడి తిరిగిరాని మన 54 మంది ఊసు ఆ వేదికల మీద ఎవరూ ఎత్తరు.

వాళ్ల విషయంలో ప్రభుత్వం రెండు మాటలు చెబుతోంది. 1979లో లోక్‌సభకు పేర్లతో సహా జాబితా ఇచ్చింది. ఆ 54 మందితో కలిపి మొత్తం 83 మంది రక్షణ సిబ్బంది పాక్ చెరలో ఉన్నారని నమ్ముతున్నట్టు ఆ తర్వాత కూడా పార్లమెంటుకు చెబుతూ వచ్చింది. 2015లో వాళ్లు బతికున్నారా అని సుప్రీంకోర్టు అడిగితే మాత్రం తెలియదంది. పాకిస్తాన్ లేరంటోంది కాబట్టి చనిపోయి ఉంటారనే అనుకుంటున్నామంది. చట్టసభలో బతికి ఉన్నవాళ్లు న్యాయస్థానానికి వచ్చేసరికి ఎలా చనిపోయారు? మన సైనికుడి చావుబతుకులు తేల్చడానికి పాకిస్తాన్ మాటే ఆధారమా?

ఆధారాలు లేవని అనడానికీ లేదు. మేజర్ అశోక్ సూరి యుద్ధంలో మరణించాడని సైన్యం ఇంటికి కబురు పంపింది. మూడేళ్లు గడిచాక, 1974 డిసెంబర్‌లో, ఆయన తండ్రికి కొడుకు చేతిరాతతో చిన్న చీటీ అందింది. మరుసటి ఏడాది కరాచీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఇక్కడ 20 మంది ఆఫీసర్లం ఉన్నాం, మన ప్రభుత్వానికి చెప్పండి, నా గురించి బెంగపడొద్దు అన్నది దాని సారాంశం. రాత ఆయనదేనని రక్షణ శాఖ నిర్ధారించింది, రికార్డుల్లో ‘మరణించారు’ తీసేసి ‘గల్లంతు’ అని మార్చింది. అంతటితో తన పని అయిపోయిందనుకుంది. ఫ్లైట్ లెఫ్టినెంట్ తాంబే పట్టుబడ్డాడని 1971 డిసెంబర్ 5న పాకిస్తాన్ పత్రికే రాసింది. ఇంతకన్నా ఏం కావాలి?

మా జైళ్లలో భారత యుద్ధ ఖైదీలు ఎవరూ లేరన్నది పాకిస్తాన్ పాత పాట. ఇరు దేశాల మధ్య తేల్చుకోవలసిన వ్యవహారాన్ని మూడో గడపకు తీసుకెళ్లకూడదన్నది మన అధికారుల వాదన. మరి పాకిస్తాన్ మరణశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాధవ్ కోసం 2017లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎలా వెళ్లాం? అది వేరే ఒప్పందం కింద వేసిన కేసని అంటారు. కావచ్చు. వెళ్లాలన్న పట్టుదల ఉంది కాబట్టి అప్పుడు దారి వెతికారు. ఈ 54 మంది కోసం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లమని 2011లో గుజరాత్ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం సుప్రీంకోర్టుకు పరుగెత్తి స్టే తెచ్చుకుంది. సొంత సైనికుల తరఫున వాదించాల్సిన ప్రభుత్వం వాళ్ల కుటుంబాలకు ఎదురు నిలబడింది.

పోరు ఆగిన వెంటనే యుద్ధ ఖైదీలను విడిచిపెట్టాలని 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 118వ అధికరణం చెబుతోంది. బందీల శిబిరానికి చేరిన వారంలోగా ఇంటికి కార్డు రాసుకోనివ్వాలని 70వ అధికరణం అంటోంది. వీటిమీద రెండు దేశాలూ సంతకం చేశాయి. పాక్‌కు చిక్కిన మన పైలట్లలో 1999లో కంభంపాటి నచికేత ఎనిమిది రోజుల్లో, 2019లో అభినందన్ మూడో రోజున తిరిగొచ్చారంటే ప్రపంచం చూస్తోంది కాబట్టే. ఎవరి కంటా పడకుండా చిక్కిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఐదుగురు జవాన్ల మృతదేహాలు మాత్రం 1999 జూన్‌లో చిత్రహింసల గుర్తులతో వచ్చాయి. ఆ కేసూ హేగ్ దాకా పోలేదు. బందీని దాచేస్తే భారత్ కొన్నాళ్లు అడిగి ఊరుకుంటుందని పొరుగు దేశానికి మనమే నేర్పుతున్నాం. రేపు సరిహద్దులో పట్టుబడేవాడికీ ఇదే గతి పట్టదని ఎవరు హామీ ఇస్తారు?

2007లో 14 మంది బంధువులు పాక్ జైళ్లు తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. అమ్మానాన్నలు ఒక్కొక్కరే పోయారు. భార్యలు ముసలివాళ్లయ్యారు. ప్రభుత్వం నమ్ముతున్నది పార్లమెంటులో చెప్పిందే అయితే ఆ స్టేను వదులుకుని హేగ్‌కు వెళ్లాలి. కోర్టులో చెప్పిందే నిజమైతే, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చనిపోయారో ఆధారాలతో ఆ 54 ఇళ్లకూ వెళ్లి చెప్పాలి. రెండూ చేయలేని మంత్రులు వచ్చే డిసెంబర్ 16న అమర జవాన్లకు పుష్పగుచ్ఛం పెట్టేముందు సిగ్గుపడాలి.