రెండొందల రూపాయల చలానా గారికి

చలానా గారికి నమస్కారవండి,

నిన్న మధ్యాన్నం బస్టాండులో తమరు నా చేతికొచ్చే హడావిడిలో అమలాపురం బస్సు నా కళ్ళముందే వెళ్ళిపోయింది, అయినా తమరి మీద కోపం లేదండి. తప్పు నాదే. నలుగురూ తిరిగే చోట పొగతాగరాదని చట్టం 2003లోనే వచ్చింది, బోర్డు కూడా నా నెత్తిమీదే ఉంది, ఎవడో కిళ్ళీ ఉమ్మేస్తే 'పొగతా' దాకానే కనబడుతోంది. ఆయ్.

నాకు మింగుడుపడనిది తమరి స్పీడండి. రెండు దమ్ములు లాగానో లేదో, పట్టుకోడం, పేరు రాసుకోడం, డబ్బడగడం, అంతా పది నిమిషాలు! అమెరికా సర్కారు 1999లో సిగరెట్ కంపెనీల మీద కేసేసి 280 బిలియన్ డాలర్లు కక్కమంది. 2005లో ఆ పద్దుని అప్పీలు కోర్టు కొట్టేసింది. 2006లో గ్లాడిస్ కెస్లర్ అనే జడ్జి గారు వెయ్యి పేజీలు దాటిన తీర్పు రాసి వీళ్ళు దశాబ్దాలుగా జనాన్ని మోసం చేశారని తేల్చారు, మరి శిక్షేంటయ్యా అంటే నిజం చెబుతూ పేపర్లో, టీవీలో ప్రకటనలు వెయ్యమన్నారు, ఆ బిలియన్లు కక్కడం మాత్రం లేదు! అందులో ఏ మాట ఉండాలి ఏది ఉండకూడదని మళ్ళీ అప్పీళ్ళ మీద అప్పీళ్ళు, అవి పేపర్లో పడేసరికి 2017 నవంబర్. పదకొండేళ్ళు. నేను "ఇంటిపేరు తప్పు రాశారు సార్" అంటే "డబ్బు కరెక్టేగా" అన్నాడు తమర్ని రాసిన మీవాడు. అదే నా అప్పీలు, కొట్టేశారు.

1998లో అక్కడి 46 రాష్ట్రాలు రాజీపడి 206 బిలియన్ డాలర్లు పాతికేళ్ళ మీద కట్టుకోమన్నాయి. వాయిదాలు! నా దగ్గర ఐదొందల నోటే ఉందిరా బాబూ, చిల్లర్లేదు అంటే ఆగావా నువ్వు?

రాజమండ్రిలో పొగాకు మీద పరిశోధన కేంద్రం 1947లో పెట్టిందీ మీరే, గుంటూరులో పొగాకు బోర్డు పెట్టిందీ మీరే, పెట్టె పెట్టెకీ పన్ను తినేదీ మీరే, దమ్ము లాగినోడు మాత్రం దొంగ. మా తాత లంక పొగాకు చుట్ట వెలిగిస్తే మునసబు కూడా నిప్పడిగేవాడు.

సరే, మీవాడు ఆ ఐదొందలు పట్టుకుని చిల్లరకి ఎక్కడికెళ్ళాడో చూశావా? నేను సిగరెట్టు కొన్న కిళ్ళీ కొట్టుకే. రెండొందల ఎనభై తెచ్చి నా చేతిలో పెట్టి, మిగతా ఇరవైకి చిల్లర్లేదంట అని ఒక సిగరెట్టు ఇచ్చాడు.

నువ్వూ అదీ ఇప్పుడు నా చొక్కా జేబులో పక్కపక్కనే ఉన్నారు.

ఇట్లు,
ఇంటిపేరు తప్పు పడినవాడు