ఏ సీట్లో కూర్చున్నారు?

పాత జీపు ఎలా ఉందో ఎవరినైనా అడిగితే, ముందు ఆయన ఏ సీట్లో కూర్చున్నాడో కనుక్కోండి. నాకీ సంగతి మొన్న శ్రావణంలో మారేడుమిల్లి దారిలో తెలిసింది, అదీ ఒక్కసారిగా కాదు, గతుక్కి ఇంత చొప్పున.

మా బావ రెండేళ్లు తపస్సు చేసి, ఎప్పుడో మిలిటరీ వేలంలో అమ్మేసి నాలుగు చేతులు మారిన జీపొకటి కొన్నాడు. తలుపుల్లేవు, ఏసీ లేదు, పైన టార్పాలిన్, స్టీరింగ్ తిప్పాలంటే ముందురోజు రాత్రి బాగా తిని పడుకోవాలి. ఆయన దృష్టిలో మాత్రం అది రెండో ప్రపంచ యుద్ధం చూసిన బండి. నేను ఊరుకోలేక ముందున్న జాలీకి ఎన్ని సందులున్నాయో లెక్కపెట్టాను. యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపులకి మామూలుగా తొమ్మిది సందులుండేవి, యుద్ధమయ్యాక జనానికి అమ్మినవాటికి ఏడు. బావ జీపుకి ఏడే ఉన్నాయి. ఆ మాటే చెప్తే, "మిగతా రెండూ యుద్ధంలో పోయుంటాయిలేరా" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. పెళ్లిచూపుల్లో పిల్ల తరఫు మేనమామ కూడా అంత ధీమాగా మాట్లాడడు.

అసలు ఆ యుద్ధం నాటి ఇంజనే 2.2 లీటర్లకి 60 హార్స్‌పవర్. ఇప్పుడు రైతుబజారుకి కూరలకి వెళ్లే చిన్న కార్లు కూడా అంత ఇస్తాయి కదా బావా అంటే, "కూరలకెళ్లే బండికీ దీనికీ పోలికేంట్రా" అని బాధపడ్డాడు. 2020లో వచ్చిన కొత్త థార్ అంటే ఆయనకి మహా చులకన. టచ్ స్క్రీనట, ఆటోమేటిక్ గేర్లట, అది జీపా డ్రాయింగ్ రూమా అంటాడు. 2016 జనవరిలో ఇంగ్లండులో పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ తయారీ ఆపేసినప్పుడు ఈయన ఒక పూట అన్నం ముట్టలేదని అక్క ఇప్పటికీ చెప్తుంది. ఆ బండి ఆయన ఎక్కలేదు సరికదా, కనీసం దగ్గర్నుంచి చూడను కూడా లేదు.

సరే, రాజమండ్రిలో తెల్లవారుజామున బయల్దేరాం. రంపచోడవరం మీదుగా 80 కిలోమీటర్ల పైనే. స్టీరింగ్ దగ్గర బావ, పక్కన అక్క, వెనక అడ్డంగా ఉండే బెంచీ మీద నేను, నా ఒళ్లో పులిహోర డబ్బా. ఆ బెంచీ సరిగ్గా చక్రం నెత్తిన ఉంటుంది, చక్రం కింద కమాన్ పట్టీలు. అవి బరువులు మోయడానికి పుట్టినవి, బండి నిండా సరుకేస్తే గానీ మెత్తబడవు. నేను 62 కిలోలు. నన్నవి లెక్కలోకే తీసుకోలేదు. గోతిలో పడ్డప్పుడల్లా పట్టుకోవడానికి బావకి స్టీరింగ్ ఉంది, అక్కకి ముందు కడ్డీ ఉంది, నాకు పులిహోర ఉంది.

"చూశావా, రోడ్డు మనతో మాట్లాడుతున్నట్టు లేదూ?" అన్నాడు బావ. నాతో మాట్లాడుతున్న భాష ఇంట్లో ఆడవాళ్ల ముందు అనదగ్గది కాదు. ఈలోగా వాన మొదలైంది. టార్పాలిన్‌కి ఉన్న చిరుగు అక్క భుజానికి సరిగ్గా పైన ఉందనీ, ఆ నీళ్లు మైల నీళ్లలా నల్లగా ఉన్నాయనీ ఆవిడ చెప్తుంటే, బావ "ప్రకృతి" అన్నాడు. తర్వాత ఓ అరగంట ఎవరూ మాట్లాడలేదు.

మారేడుమిల్లి దాటాక తిన్నగా పోయి బొంగులో చికెన్ తిని వచ్చేస్తే ఈ కథే లేదు. పక్కన మట్టిదారి, అడ్డంగా ఒక వాగు కనబడేసరికి ఆయనకి పూనకం వచ్చింది. "మామూలు కార్లు ఇక్కడ ఆగిపోతాయి" అని దింపాడు. ఆగిపోయాం. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురదంతా చిమ్మాయి. "ఇప్పుడు చూడు" అని ఫోర్‌వీల్ డ్రైవ్ లివర్ లాగాడు. ముందు చక్రాలు ఊరేగింపులో పెద్దమనుషుల్లా దేనికీ చెయ్యి వెయ్యకుండా నిలబడ్డాయి. ఇంకోసారి లాగాడు. అవే పెద్దమనుషులు.

అప్పుడొచ్చింది ఒక షేర్ ఆటో, ఎనిమిది మంది మనుషులూ ఒక మేకాతో. ఎక్కడ రాయుందో తెలిసినవాడిలా మా పక్కనుంచి వంకరటింకరగా పోయి అవతలి గట్టెక్కాడు డ్రైవరు. బండి ఆపి, వెనక్కి వచ్చి, "హబ్బులు లాక్ చేశారాండీ?" అన్నాడు. ఒకప్పుడు ఏజెన్సీలో జీపు తోలాడట. ఈ రకం పాత బండ్లలో ముందు చక్రాల మధ్యనుండే బిళ్లని చేత్తో తిప్పితే గానీ ఆ చక్రాలకి ఇంజన్ బలం అందదు. మామూలు రోడ్డు మీద దాన్ని వదిలేసి తిరుగుతారు, బురదలో దిగేముందు బిగిస్తారు. మా బావకిది తెలీక కాదు, నెల రోజులుగా మాకు భోజనాల దగ్గర చెప్తున్నదే ఇది. మోకాళ్లు దాటిన నీళ్లలో వంగి రెండు బిళ్లలూ తిప్పేసరికి, జీపు చెరువులోంచి గేదె లేచినట్టు తొందరేమీ లేకుండా పైకొచ్చేసింది.

ఇంటికొచ్చాక తీర్పులు. బావ ఫోన్లన్నిటిలో జీపు వాగులోంచి ఎలా పైకొచ్చిందో ఉంది, అందులో ఎలా ఆగిందో లేదు. అక్క "దీనికన్నా మా అత్తగారు నయం" అంది, ఆవిడ నోట ఆ మాట పదిహేనేళ్లలో మొదటిసారి. మేక ఏమీ అనలేదు, అది ఆటోలో కూర్చుంది కాబట్టి.

మర్నాడు బావ స్నేహితుడొకాయన నాకు ఫోన్ చేశాడు. ఆయనకీ అలాంటి జీపే బేరానికొచ్చిందట. "మీ బావ మాట నమ్మలేను, మీ అక్క మాట వింటే భయమేస్తోంది. నీకు ఏ పక్షం లేదు కదా, ఉన్నదున్నట్టు చెప్పు తమ్ముడూ."

బ్రేకులు ముందే అనుకుని తొక్కాలనీ, వాన లోపలే పడుతుందనీ చెబుదామనే మొదలుపెట్టాను. ఎక్కడ జారిందో తెలీదు, మా నాన్న ఆఫీసు జీపు గుర్తొచ్చింది. ఏడేళ్లప్పుడు కాలవగట్టు మీద నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ నొక్కనిచ్చేవాడు. ఎండకి కాగిన టార్పాలిన్ వాసన, కాళ్ల దగ్గర డీజిల్ వాసన. స్టార్టవకపోతే గుమాస్తాలంతా పంచెలు ఎగ్గట్టి తోసేవాళ్లు, అదీ నాకు పండగలాగే ఉండేది. అదంతా ఓ పావుగంట చెప్పినట్టున్నాను.

"అయితే తీసుకోమంటావా?"

"కళ్లు మూసుకుని తీసుకోండన్నా. అలాంటి బండి మళ్లీ రాదు."

"వెనక కూర్చుంటే నడుం పోతుందంటారు?"

"అబ్బే, అదంతా అలవాటు లేనివాళ్లు చెప్పే మాట."

వేడినీళ్ల సంచీ మార్చడానికి వచ్చిన అక్క ఫోన్ లాక్కుంది. "అన్నయ్యగారూ, వీడు నిన్నట్నుంచీ బోర్లా పడుకునే మాట్లాడుతున్నాడండీ."