ముందు పద్దు రాయించండి సార్

ఈమధ్య పదో తరగతి, ఇంటర్ పిల్లలకు స్టార్టప్ మెంటర్లు ఎక్కువైపోయారు. ఆదివారం ఏదో హాల్లో వర్క్‌షాప్, బోలెడు స్లయిడ్లు, చివర్లో జడ్జీలు, నిలువెత్తు అట్ట చెక్కుతో ఫొటో. పిల్లాడు ఇంటికెళ్ళి "నేను సీఈఓ" అంటాడు. ఆ సీఈఓ గారిని కిలో సరుకు మీద ఎంత మిగులుతోందో అడగండి, దిక్కులు చూస్తాడు.

విజయవాడలో నాది ప్యాకింగ్ సామాను షాపు. ఇన్‌స్టాగ్రామ్‌లో కొవ్వొత్తులో, రాఖీలో, స్వీట్లో అమ్మే పిల్లలు డబ్బాల కోసం నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళ తెలివికి వంక పెట్టలేం. ఫొటోలు, రీల్స్ విషయంలో నాకే పాఠాలు చెప్తారు. రానిదల్లా లెక్క. అది నేర్పాల్సిన పెద్దవాళ్ళేమో 'విజన్' అంటూ ఊదరగొడుతున్నారు.

ఒక ఇంటర్ అమ్మాయి సున్నుండలు కిలో 400కి అమ్మేది. "మూడొందల పదిహేను మిగులుతోంది అంకుల్" అంది. ఎలాగమ్మా అంటే మినప్పప్పు 60, బెల్లం 25, అంతే. మరి నెయ్యి? "అది ఇంట్లోదే కదా!" ఇంట్లోదైతే మాత్రం ఊరికే వచ్చిందా, 140 రాయి అన్నాను. డబ్బా, కొరియర్ కలిపి ఇంకో 90. కూడితే ఖర్చే 315 తేలింది! తను లాభం అనుకున్న అంకె కాస్తా ఖర్చు కిందికి పోయింది. మిగిలేది 85. గ్యాసు, పప్పు వేయించి ఉండలు చుట్టే వాళ్ళమ్మ కష్టం, అన్నీ అందులోంచే రావాలి.

ఇక బాకీలు. మొదటి గిరాకీ అంతా పిన్నులు, అత్తలు, పక్క ఫ్లాట్ ఆంటీలే. "తర్వాత ఇస్తాలేమ్మా" అంటారు, మర్చిపోతారు. పిల్లకేమో అడగడానికి మొహమాటం. ఆ ఒక్క ఫోను చేయించడమే మెంటర్ చేయాల్సిన పని. మీరు చేసిపెడితే మాత్రం దండగ.

కాగితాల సంగతీ చెప్పాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ళు ఒప్పందాలు చేసుకోలేరు. ఇంట్లో చేసి అమ్మే తిండికైనా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ అమ్మ పేరునో నాన్న పేరునో తీసుకోవాలి. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2025లో మళ్ళీ స్పష్టంగా చెప్పింది. అందుకని వ్యాపారం డబ్బు ఇంటి డబ్బులో కలిసిపోకుండా ముందు ఆ ఖాతా తెరిపించండి.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ అని పెట్టి 11, 12 తరగతుల పిల్లలకు చిన్న వ్యాపారం చేసి చూడమని తలా 2000 దాకా ఇచ్చారు. దాన్ని టీవీ షో చేయడం నాకు నచ్చలేదు గానీ, ఆ మొత్తం మాత్రం భలే నచ్చింది. పోతే ఇల్లు మునగదు, కానీ పిల్లలకు రెండు రాత్రులు నిద్ర పట్టదు. ఆ పాటి టెన్షన్ ఉండాలి. మన తల్లిదండ్రులు అదీ పడనివ్వరు. సరుకు మిగిలిపోతే గుట్టుచప్పుడు కాకుండా వాళ్ళే కొనేస్తారు!

సున్నుండల అమ్మాయి ఇప్పుడు కిలో 480కి అమ్ముతోంది. కొందరు మానేశారు, చాలామంది కొంటూనే ఉన్నారు. కిలోకి 50 చొప్పున వాళ్ళమ్మకి లెక్కగట్టి ఇస్తోంది. కన్నతల్లికి కూలివ్వడం నేర్పానని వాళ్ళ నాన్నకి నామీద పీకల్దాకా కోపం. వాళ్ళమ్మ మాత్రం నెల తిరగ్గానే అడిగి మరీ తీసుకుంటోందట.