బకిల్ పెట్టుకోండి మహాప్రభో!
విజయవాడ భవానీ ద్వీపం బోటెక్కేవాళ్లకి ఎన్నిసార్లు చెప్పాలండీ? లైఫ్ జాకెట్ భుజాన తగిలించుకోవడానికి కాదు, తొడుక్కోవడానికి! ఫొటోలో చీర కనపడదని బకిళ్లు వదిలేస్తారు. నీళ్లలో పడితే ఆ జాకెట్ పైకి తేలుతుంది, మనిషి అందులోంచి కిందికి జారిపోతాడు. కొంగు నడుముకి దోపి, దానిమీద జాకెట్ వేసి, బకిళ్లన్నీ పెట్టి పట్టీలు బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని లాగితే చెవులదాకా వస్తోందా? వదులుగా ఉన్నట్టే. పసిపిల్లలకి పెద్దవాళ్ల సైజు వేస్తారా, అసలు!

ఇక ప్రకాశం బ్యారేజీ కనపడగానే ఫోన్లు పట్టుకుని అందరూ ఒకే పక్కకి! బరువంతా అటు పడితే బోటు ఒరగదా? 2017 నవంబరులో ఇదే కృష్ణలో, పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. అప్పుడే మర్చిపోయామా? కూర్చోమన్న సరంగు మీదే ఎదురు కేకలా?