బండ వేషం ఎరుపు పేపర్లో ఎందుకు చచ్చిపోతోంది?

గంగ జాతర వచ్చిందంటే తిరుపతిలో ఎవరి ఫోనులో చూసినా బండ వేషం ఫోటోలే. ఒళ్లంతా పూసుకున్న ఆ కుంకుమ స్క్రీన్ మీద భగ్గుమంటుంది. తెల్లారి పేపర్లో అదే ఫోటో ఇటుక పొడి చల్లినట్టుంటుంది. తోటి వేషమైతే మరీ ఘోరం, ఆ బొగ్గు నలుపులో కళ్లు తప్ప ఏమీ మిగలవు. చూసినవాళ్లు "ఫోటోగ్రాఫర్‌కి చేతకాలేదు" అనేస్తారు. నాకు మండేది ఇక్కడే. చాలాసార్లు తప్పు తీయడంలో ఉండదు, ఫోను కోసం చేసిన ఫైలునే ప్రింటుకీ పంపేయడంలో ఉంటుంది.

న్యూస్‌ప్రింట్, అంటే పేపరు అచ్చేసే ముతక కాగితం, సిరాని పీల్చేస్తుంది. చుక్క పడ్డచోట ఆగదు, చుట్టూ పాకుతుంది. 50 శాతం అనుకున్న నలుపు కాగితం మీద 75 దగ్గరికి పోతుంది. అందుకే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలూ, ఒక్కోటి 100 దాకా పడగలిగినా, ఒకే చోట అన్నీ కలిపి 240 శాతం దాటకుండా చూసుకుంటారు. కుంకుమ ఎరుపుకి మెజెంటా, పసుపు రెండూ దండిగా పడాలి. రెండూ 100కి చేరాయంటే కుంకుమ మీది వేళ్ల గీతలు, చెమట చారలు అన్నీ కలిసి ఒకే ముద్ద.

దీనికి మందు ఫోటో తీసేటప్పుడే వేయాలి. రా ఫైల్‌లో, అంటే కెమెరా కుదించని ముడి ఫైలులో తీయండి. కెమెరా చూపే హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో వెలుగునీడల పంపకం చూపే బొమ్మ) మొత్తం వెలుతురు గ్రాఫ్ ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎరుపు చానెల్ విడిగా చూడాలి. అది కుడి అంచుకి కొట్టుకుంటుంటే ఎక్స్‌పోజర్ స్టాపులో (వెలుతురు కొలతలో ఒక మెట్టు) మూడింట రెండు వంతులు తగ్గించండి. తర్వాత పేపర్ కోసం వేరే ఫైలు చేయాలి: ఎరుపు శాచురేషన్ (రంగు గాఢత) దించి, నీడలు కొంచెం ఎత్తి, ప్రెస్ వాళ్లిచ్చే రంగుల ప్రొఫైల్‌తో సాఫ్ట్ ప్రూఫ్, అంటే అచ్చులో ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూసుకుని, ఆ తర్వాతే సీఎమ్‌వైకేలోకి, అంటే ఆ నాలుగు సిరాల లెక్కలోకి మార్చాలి. మానిటర్ వెలుగు నిండుగా పెట్టుకుని కూర్చుంటే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. 100–120 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) చాలు.

పెళ్లి ఆల్బమ్‌ది ఇంకో లెక్క. ఎదురెదురు రెండు పేజీలు కలిసిన 12×36 అంగుళాల షీటుకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10800×3600 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ ఫోటో 6000×4000. ఒక పక్క పేజీకి, అంటే 12×18కి, హాయిగా సరిపోతుంది. అదే ఫోటోని షీటంతా పరిస్తే 166 డీపీఐకి పడిపోతుంది. పైగా తలంబ్రాలు పోసే చేతులు సరిగ్గా మడత మీదకొస్తాయి. ల్యాబ్‌కి అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో పంపితే ముఖాలు పాలిపోయి వచ్చే ప్రమాదం ఉంది, మామూలు ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలోనే ఇవ్వండి.

"వాట్సాప్‌లో పెట్టన్నా, చాలు" అనే మాట మానండి దయచేసి. మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. 300 డీపీఐలో అది అయిదంగుళాల పైచిలుకు బొమ్మ, అంతే. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. ప్రింటు ఫైలు విడిగా చేయడం విడి పని, దానికి విడిగా డబ్బు అడగడంలో తప్పేమీ లేదు.

హక్కుల సంగతి కూడా చాలామందికి తెలీదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే మొదటి యజమానులు. తీసింది నేనే అని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద మనకుంటుంది. కాబట్టి పెళ్లికూతురి ఫోటోని రేపు ఏ పట్టుచీరల షాపు ఫ్లెక్సీకో ఇవ్వాలనుకుంటే, ఆ మాట అడ్వాన్స్ రసీదులోనే రాయించి సంతకం తీసుకోండి.